గిటార్ ఆంప్: చిప్పు సంగతి తర్వాత, ముందు రెండు చివర్లూ చూడండి

(ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగానికి అక్షర రూపం. వాయించి చూపించిన చోట్ల కుండలీకరణాల్లో రాశాం.)

అందరికీ నమస్కారం. ఆ మైకు కాస్త పక్కకి జరపండి బాబూ. దీని శబ్దం దీనికి సొంతంగా వినిపించాలి, హాల్లో స్పీకర్లలోంచి వస్తే లాభం లేదు.

ముందు ఒక్క నిమిషం వాయిస్తాను, తర్వాత మాటలు. (వాయిస్తారు.)

వెనక వరసలో వాళ్లకి వినిపించిందా? సరే. ఈ పెట్టెలో ఉన్న ఆంప్ (ఆంప్లిఫయర్) ఒక వాట్ కూడా ఇవ్వదు. ఆరు పెన్సిల్ సెల్స్ మీద నడుస్తోంది. లోపలున్న చిప్పు ఖరీదు 20, 30 రూపాయలు. ఇందాక మెట్లెక్కుతుంటే ఒకబ్బాయి "సార్, ఏ చిప్పు వాడారు?" అని అడిగాడు. అందరూ ముందు అడిగేది అదే. చిప్పు పేరు చెప్తాను, దాచుకోవడానికేం లేదు. కానీ ఇంట్లో కట్టిన చిన్న ఆంప్ నిండుగా పలుకుతుందా, పీలగా పలుకుతుందా అన్నది మధ్యలో ఉన్న చిప్పు తేల్చేది చాలా తక్కువ. గిటార్ వైరు వచ్చి దిగే చోటు ఒకటి, స్పీకర్ గాలిని కదిపే చోటు ఒకటి. ఈ రెండు చివర్ల దగ్గరే అంతా ఉంది. ఇవాళ నా టైమంతా వాటి మీదే ఖర్చు పెడతాను.

నమ్మకం కుదరకపోతే ఒక కథ చెప్తాను. క్వీన్ అనే బ్రిటిష్ రాక్ బ్యాండ్ పేరు మీకు తెలిసే ఉంటుంది. అందులో బేస్ గిటార్ వాయించిన జాన్ డీకన్ మీలాంటివాడే. లండన్‌లో చెల్సీ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చదివి 1971లో డిగ్రీ తీసుకున్నాడు. 1970ల మొదట్లో ఒకరోజు వీధిలో చెత్త పోసే తొట్టిలో ఒక సర్క్యూట్ బోర్డు కనబడితే ఇంటికి పట్టుకొచ్చాడు. అది ఓ చిన్న ట్రాన్సిస్టర్ రేడియో తాలూకు ఆంప్ బోర్డు. సిలికాన్ కూడా కాదు, జెర్మేనియం ట్రాన్సిస్టర్లు. దాన్ని ఒక బుక్‌షెల్ఫ్ స్పీకర్ పెట్టెలో బిగించి 9 వోల్టుల బ్యాటరీ తగిలించాడు. వాల్యూమ్ నాబ్ లేదు, టోన్ నాబ్ లేదు. తీరా చూస్తే అదే బ్యాండ్‌లో గిటార్ వాయించే బ్రయాన్ మేకి దాని మీద మనసు పడింది. తన ట్రెబుల్ బూస్టర్‌ని (గిటార్ సిగ్నల్‌లో సన్నటి స్వరాలని పెంచే చిన్న సర్క్యూట్‌ని) దాని ముందు పెట్టి, ఆ డబ్బాతో స్టూడియోలో గిటార్ మీద గిటార్ పొరలు రికార్డు చేశాడు. ట్రంపెట్లు, క్లారినెట్లు, వయొలిన్లు వాయించారేమో అనిపించే పొరలవి. డీకీ ఆంప్ అని పేరు కూడా పడింది దానికి. స్టేజీ మీద ఆయన వెనక వాక్స్ ఎసి30 అనే పెద్ద ఆంప్‌లు గోడలా నిలబడి ఉండేవి. అంత సరంజామా ఉన్నవాడు కూడా ఈ డబ్బాని వదల్లేదు. ఇందులో ముందు మంచి బూస్టర్ ఉంది, వెనక మంచి స్పీకర్ పెట్టె ఉంది. మధ్యలో ఉన్నది చెత్తలో దొరికిన రేడియో బోర్డు.

సరే, ఇక మన డబ్బా. చిప్పు పేరు ఎల్‌ఎం386. నేషనల్ సెమీకండక్టర్ వాళ్లది, 2011లో ఆ కంపెనీని టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కొనేసింది. ఎనిమిది కాళ్లు. 4 గ్రౌండ్, 6 బ్యాటరీ ప్లస్, 2, 3 ఇన్‌పుట్లు, 5 అవుట్‌పుట్. 1కీ 8కీ మధ్య ఏమీ పెట్టకపోతే సిగ్నల్‌ని 20 రెట్లు చేస్తుంది. వాటి మధ్య 10 మైక్రోఫారడ్ల కండెన్సర్ పెడితే 200 రెట్లు. ఊరికే కూర్చున్నప్పుడు సుమారు 4 మిల్లీ ఆంపియర్లు మాత్రమే తాగుతుంది. 9 వోల్టుల మీద, 8 ఓముల స్పీకర్‌కి అరవాట్ నుంచి ముప్పావు వాట్ దాకా ఇస్తుంది. దీని మీద ఇంతకంటే ఎక్కువ చెప్పను. మీ లాబ్‌లో డేటాషీట్ ఉంది, అందులో ఉన్న సర్క్యూట్టే కట్టండి.

కట్టాక ఏమవుతుందో కూడా చెప్తాను. డేటాషీట్‌లో ఇన్‌పుట్ దగ్గర 10 కిలో ఓముల వాల్యూమ్ పాట్ (నాబ్‌తో తిప్పే రెసిస్టర్) ఉంటుంది. గిటార్‌ని నేరుగా దానికి తగిలిస్తారు. శబ్దం వస్తుంది. వస్తుంది గానీ గిటార్ దుప్పటి కప్పుకుని పాడినట్టు ఉంటుంది. "చిప్పు బాగోలేదు" అని చిప్పుని తిట్టుకుని పక్కన పడేస్తారు. దాని తప్పేం లేదు పాపం.

ఈ పెట్టె వెనక ఒక టాగిల్ స్విచ్ పెట్టాను. ఇప్పుడు గిటార్ నేరుగా 10 కిలో ఓముల పాట్‌కి వెళ్తోంది. (వాయిస్తారు.) ఇప్పుడు స్విచ్ మార్చాను, మధ్యలో ఒక్క ట్రాన్సిస్టర్ వచ్చింది. అదే తీగ, అదే స్వరం. (వాయిస్తారు.) తేడా తెలిసిందా? పిక్ తీగకి తగిలే చప్పుడు, ఆ "టింగ్" అనేది ఇందాక లేదు.

ఎందుకో చూద్దాం. పికప్ అంటే అయస్కాంతం చుట్టూ వెంట్రుక కంటే సన్నటి రాగి తీగని వేల చుట్లు చుట్టిన కాయిల్. మల్టీమీటర్ పెడితే మామూలు సింగిల్ కాయిల్ 6 కిలో ఓముల చుట్టుపక్కల చూపిస్తుంది. ఆ అంకె చూసి, ఆరుకి పది ఎక్కువే కదా, ఏం ఫరవాలేదు అనుకుంటాం. అక్కడే దెబ్బ తింటాం. వేల చుట్లు ఉన్న కాయిల్ కాబట్టి దానికి ఇండక్టెన్స్ ఉంది, అంటే ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ దాని అడ్డు పెరుగుతుంది. 3 హెన్రీలు అనుకోండి. 100 హెర్ట్జ్ దగ్గర 3 హెన్రీల అడ్డు 2 కిలో ఓములు కూడా లేదు. 4000 హెర్ట్జ్ దగ్గర అదే కాయిల్ 75 కిలో ఓములు అవుతుంది. ఇప్పుడు డివైడర్ లెక్క, అంటే రెండు అడ్డుల మధ్య సిగ్నల్ ఎలా పంచుకుంటుందన్న లెక్క వేయండి. అవతల 10 కిలో ఓములు ఉంటే, బేస్‌లో సిగ్నల్ 60 శాతం పైనే మిగులుతుంది. 4000 దగ్గర మిగిలేది 13 శాతం. మన చెవి బాగా పట్టుకునేది 3000, 4000 హెర్ట్జ్ ప్రాంతాన్నే. కాయిల్ ఇండక్టెన్సూ, గిటార్ కార్డ్‌లో, అంటే గిటార్ నుంచి వచ్చే వైరులో ఉండే కొన్ని వందల పికోఫారడ్ల కెపాసిటెన్సూ కలిసి సరిగ్గా అక్కడే ఒక రెజొనెన్స్ ఇస్తాయి, అంటే ఆ ఫ్రీక్వెన్సీ లేచి వినిపిస్తుంది. ఎలక్ట్రిక్ గిటార్ మెరుపంతా దాన్లోనే ఉంది. 10 కిలో ఓములు పెట్టి దాన్ని మనమే పీక నొక్కుతున్నాం.

ఇది మీరు ఇంతకుముందు విన్నదే. మన వైపు చాలామంది కుర్రాళ్లు గిటార్ పట్టుకునేది చర్చిలో. అక్కడో, కాలేజీ ఫెస్ట్‌లోనో మైకు సెట్టు అబ్బాయి గిటార్ కార్డ్‌ని తీసుకెళ్లి మిక్సర్‌లో లైన్ ఇన్‌కి పెట్టేస్తాడు. వాయించేవాడు ట్రెబుల్ పెంచమంటాడు, మైకు సెట్టు అబ్బాయి పెంచుతాడు, ఈల వస్తుంది గానీ మెరుపు రాదు. లైన్ ఇన్‌పుట్లు కీబోర్డు లాంటి వాటి కోసం కట్టినవి, చాలావాటికి అడ్డు పది, ఇరవై కిలో ఓములే. ఇద్దరి తప్పూ లేదు.

మందు ఏమిటంటే ఒక జెఫెట్, అంటే గేట్, డ్రెయిన్, సోర్స్ అని మూడు కాళ్లుండే ఒక రకం ట్రాన్సిస్టర్. ఎంపిఎఫ్102 గానీ, ఆ జాతిలో ఇంకోటి గానీ. గేట్ నుంచి గ్రౌండ్‌కి 1 మెగా ఓమ్. డ్రెయిన్ నేరుగా 9 వోల్టులకి. సోర్స్ నుంచి గ్రౌండ్‌కి 3.9 కిలో ఓములు. సోర్స్ దగ్గర్నుంచి ఒక కండెన్సర్ గుండా వాల్యూమ్ పాట్‌కి. అంతే, నాలుగైదు ముక్కలు. ఇది సిగ్నల్‌ని ఏమీ పెంచదు, ఇంకా రవ్వంత తగ్గిస్తుంది కూడా. కానీ గిటార్ వైపు నుంచి చూస్తే 1 మెగా ఓమ్, చిప్పు వైపు నుంచి చూస్తే కొన్ని వందల ఓములు. పికప్‌కి అసలు ఎవరూ తగల్లేదన్నట్టే ఉంటుంది.

బజారులో ఈ నంబర్లకి నకిలీలు బాగా తిరుగుతున్నాయి. అందుకని కట్టాక సోర్స్ దగ్గర మీటర్ పెట్టి చూడండి. ఒకటి నుంచి నాలుగు వోల్టుల మధ్య ఎంతో కొంత ఉండాలి. సున్నా ఉన్నా, మొత్తం 9 ఉన్నా కాళ్లు తారుమారయ్యాయన్నమాట, లేదా అది జెఫెట్టే కాదు. కాళ్ల వరుస ఒక్కో నంబరుకి ఒక్కోలా ఉంటుంది, పక్కవాడు చెప్పాడని పెట్టకండి. జెఫెట్ దొరక్కపోతే టిఎల్072 ఆప్‌ఆంప్ వాడుకోండి. ఇన్‌పుట్‌ని 1 మెగా ఓమ్ గుండా సగం వోల్టేజీకి కట్టాలి, రెండు రెసిస్టర్లు, ఒక కండెన్సర్ ఎక్కువ పడతాయి. బోల్డన్ని పెడళ్లు (కాలితో నొక్కే ఎఫెక్ట్ డబ్బాలు) అదే చిప్పుతో 9 వోల్టుల మీద నడుస్తున్నాయి.

సోర్స్ నుంచి పాట్‌కి వెళ్లే కండెన్సర్ అన్నాను కదా, దాని దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. దొరికే సర్క్యూట్ బొమ్మల్లో అక్కడ 0.047 మైక్రోఫారడ్ తరచుగా కనిపిస్తుంది. అవతల 10 కిలో ఓముల పాట్, దానికి పక్కన చిప్పు సొంత ఇన్‌పుట్ 50 కిలో ఓములు, రెండూ కలిపి 8.3. 0.047తో లెక్కేస్తే 400 హెర్ట్జ్ కింద అంతా తగ్గిపోవడం మొదలవుతుంది. గిటార్ లావు తీగ 82 హెర్ట్జ్. అంటే బేస్‌ని కావాలనే కోసేశారు. మూడంగుళాల బుల్లి స్పీకర్ పెట్టే ఉద్దేశం ఉంటే అది తెలివైన పనే. ఆ స్పీకర్ ఎటూ బేస్ పలకలేదు, పలకలేని బేస్‌ని పంపితే కోన్ ఊరికే ఊగి మిగతా శబ్దాన్ని కూడా పాడుచేస్తుంది. మీరు ఎనిమిదంగుళాల స్పీకర్ పెడుతుంటే మాత్రం అక్కడ 0.22 వేయండి, 87 హెర్ట్జ్‌కి దిగుతుంది. అవుట్‌పుట్ వైపు కూడా ఇదే లెక్క. 5వ కాలు నుంచి స్పీకర్‌కి మధ్య 220 మైక్రోఫారడ్లు పెడితే 8 ఓములతో 90 హెర్ట్జ్. 470 పెడితే 42. రెండిట్లో ఏది వేస్తారో స్పీకర్‌ని చూసి తేల్చుకోండి.

డిస్టార్షన్ సంగతి అడగండి మరి! మీరు వచ్చిందే అందుకు. (నవ్వులు.) దానికి పెడల్ అక్కర్లేదు. లెక్క చూడండి. 9 వోల్టుల మీద ఈ చిప్పు అటూ ఇటూ సుమారు 3.3 వోల్టులు మాత్రమే ఊగగలదు. అంతకు మించి అడిగితే సిగ్నల్ తల తెగుతుంది, ఆ గరుకు శబ్దమే డిస్టార్షన్. గెయిన్, అంటే ఎన్ని రెట్లు పెంచుతుందన్నది, 20 ఉన్నప్పుడు 165 మిల్లీ వోల్టులకే ఆ హద్దు వచ్చేస్తుంది, గట్టిగా వాయిస్తే మామూలు పికప్ కూడా అంత ఇస్తుంది. గెయిన్ 200 పెడితే 16 మిల్లీ వోల్టులకే. అంటే 200లో శుభ్రమైన శబ్దం అనే మాటే ఉండదు. అందుకని 1, 8 కాళ్ల మధ్య ఆ 10 మైక్రోఫారడ్లతో వరసగా 1 కిలో ఓమ్ పాట్ పెట్టాను. ఇదిగో, ఈ ఎడమ చేతి నాబ్. (నెమ్మదిగా తిప్పుతూ వాయిస్తారు.) సగం దాకా ఏమీ మారినట్టుండదు, చివర్లో ఒక్కసారిగా మీదపడుతుంది. అది ఆ పాట్ తత్వం. రివర్స్ లాగ్ పాట్ దొరికితే సమంగా పెరుగుతుంది, కానీ దానికోసం ఊరంతా తిరగాల్సినంత విషయం కాదు.

కరెంటు గురించి. చిన్న దీర్ఘచతురస్రపు 9 వోల్టుల బ్యాటరీ అందరూ వాడతారు. నాకు దాని మీద పెద్ద గౌరవం లేదు. గట్టిగా వాయిస్తున్నప్పుడు ఈ ఆంప్ 130 మిల్లీ ఆంపియర్ల దాకా లాగుతుంది. మంచి ఆల్కలైన్ బ్యాటరీ అయినా 500 మిల్లీ ఆంపియర్ అవర్ల చుట్టుపక్కల. లెక్క మీకే తెలుస్తుంది, నాలుగు గంటలు కూడా రాదు. సగం వాడాక దాని లోపలి రెసిస్టెన్స్ పెరుగుతుంది. అప్పుడు స్పీకర్ ఒక దెబ్బ కొట్టిన ప్రతిసారీ వోల్టేజీ కిందకి జారుతుంది, ఆ జారుడు వెనక్కి వెళ్లి ఇన్‌పుట్‌లో దూరుతుంది, మళ్లీ స్పీకర్‌కి వస్తుంది. గిటార్ ముట్టుకోకపోయినా "డుగు డుగు డుగు" అని బుల్లెట్ బండి స్టార్ట్ అయిన చప్పుడు. మోటార్‌బోటింగ్ అంటారు. అదే ఆరు పెన్సిల్ సెల్స్ హోల్డర్‌లో పెడితే అదే 9 వోల్టులు, నాలుగు రెట్లు ఎక్కువ కాలం, డుగుడుగు లేదు. కొత్త బ్యాటరీతో కూడా ఆ చప్పుడు వస్తుంటే 6వ కాలు పక్కనే, కాలుకి అతుక్కున్నంత దగ్గరగా, 100 మైక్రోఫారడ్లు ఒకటి, 0.1 ఒకటి గ్రౌండ్‌కి పెట్టండి. 7వ కాలు నుంచి గ్రౌండ్‌కి 10 మైక్రోఫారడ్లు. 5వ కాలు నుంచి గ్రౌండ్‌కి 10 ఓములు, 0.047 మైక్రోఫారడ్ వరసగా. ఈ చివరిది లేకపోతే చెవికి వినపడని పై ఫ్రీక్వెన్సీలో చిప్పు తనలో తనే అరుచుకుంటూ వేడెక్కిపోతుంది. ఏమైందో తెలియక మనం స్పీకర్ మారుస్తూ కూర్చుంటాం.

గ్రౌండ్ వైర్లు కూడా ఎవరి దారిన వాళ్లు వెళ్లాలి. స్పీకర్ గ్రౌండ్‌ని తీసుకెళ్లి ఇన్‌పుట్ జాక్ గ్రౌండ్‌కి అతికించారో, ఈల ఖాయం. రెండిటినీ విడివిడిగా చిప్పు 4వ కాలు దగ్గర కలపండి. ఇన్‌పుట్ వైరు షీల్డు ఉన్నది వాడండి, పొట్టిగా ఉంచండి. పొడుగ్గా వదిలేస్తే అది ఏరియల్ అవుతుంది. మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్‌కి దగ్గర్లో ఇల్లుంటే, 738 కిలోహెర్ట్జ్ మీద వచ్చే ఆకాశవాణి హైదరాబాద్ మీ గిటార్ ఆంప్‌లో వార్తలు చదువుతుంది. వినడానికి సరదాగానే ఉంటుంది గానీ, వద్దనుకుంటే గేట్ ముందు వరసగా 10 కిలో ఓములు, గేట్ నుంచి గ్రౌండ్‌కి 100 పికోఫారడ్లు. స్టేషన్ కట్టేసినట్టే.

ఆన్-ఆఫ్ స్విచ్ ఏదీ అని వెతకొద్దు, లేదు. ఇన్‌పుట్‌కి స్టీరియో సాకెట్ పెట్టాను, పావు అంగుళంది, కొట్టులో పి-38 అంటే ఇస్తారు. బ్యాటరీ మైనస్‌ని దాని మధ్య కాలుకి, అంటే రింగ్‌కి కలిపాను. గిటార్ కార్డ్ మోనో కాబట్టి లోపలికి గుచ్చగానే దాని మొండెం రింగ్‌నీ గ్రౌండ్‌నీ కలిపేస్తుంది, ఆంప్ ఆన్ అవుతుంది. పీకితే ఆఫ్. వాయించడం అయ్యాక కార్డ్ పీకడం మర్చిపోతే మాత్రం సెల్స్ ఊరికే కొంచెం కొంచెంగా ఖర్చవుతూ ఉంటాయి.

ఇక రెండో చివర. స్పీకర్.

ఇదిగో ఒక నాలుగంగుళాల స్పీకర్, పెట్టె లేకుండా, ఉత్తిగా చేతిలో. ఆంప్ అదే, నాబ్‌లు కదపను. అబ్బాయ్, నువ్వు లావు తీగ మీటుతూ ఉండు. (వాయిస్తారు.) వినండి, చీమ అంత. ఇప్పుడు ఈ అట్టపెట్టె చూడండి, కిరాణా కొట్టులో ఇచ్చిందే, ఒక పక్క స్పీకర్ అంత బొక్క కోశాను. స్పీకర్‌ని ఆ బొక్కకి ఆనించి నొక్కుతున్నాను. (వాయిస్తారు.)

ఆ, అదీ! చూశారా మీ మొహాలు ఎలా మారాయో. కోన్ ముందుకొచ్చినప్పుడు ముందున్న గాలిని నొక్కుతుంది, అదే క్షణంలో వెనకున్న గాలిని లాగుతుంది. మధ్యలో గోడ లేకపోతే ముందు గాలి అంచు చుట్టూ తిరిగి వెనక్కి పోయి ఆ ఖాళీని నింపేస్తుంది. బేస్ తరంగం మీటర్ల పొడుగుంటుంది కాబట్టి దానికి ఆ నాలుగంగుళాల చుట్టు తిరగడం లెక్కలోది కాదు, అందుకని ముందు చచ్చేది బేసే. అడ్డంగా ఒక పలక పెడితే ఆ దారి పొడుగవుతుంది. అట్టపెట్టె చేసింది అంతే, దాన్లో మాయేం లేదు. ప్లైవుడ్ అయితే ఇంకా నయం, 12 మిల్లీమీటర్లది చాలు, వెనక సగం తెరిచే ఉంచండి. మరీ చిన్న పెట్టెని పూర్తిగా మూసేస్తే లోపలి గాలి కోన్‌ని కదలనివ్వదు. రేకు డబ్బాలు, స్వీట్ బాక్సులు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గానీ ఒక్కో నోటుకి ఒక్కో రకంగా గలగలలాడతాయి.

ఇంకో సంగతి, స్పీకర్లు కొనేటప్పుడు ఎవరూ చూడనిది. సెన్సిటివిటీ. ఒక వాట్ ఇస్తే ఒక మీటర్ దూరంలో ఎన్ని డెసిబెల్స్ వస్తాయన్నది. బొమ్మల్లో వచ్చే బుల్లి స్పీకర్, కారు డోర్‌లో పెట్టే స్పీకర్, ఇవన్నీ 85 అటూ ఇటూ. గిటార్ కోసం చేసిన పదంగుళాల, పన్నెండంగుళాల స్పీకర్లు 97, 100 దాకా వెళ్తాయి. ప్రతి 3 డెసిబెల్స్‌కి పవర్ రెట్టింపు కావాలి. 85కీ 97కీ తేడా 12, అంటే 16 రెట్లు. కాబట్టి ఈ అరవాట్ ఆంప్‌ని 97 స్పీకర్‌కి తగిలిస్తే, 85 స్పీకర్ మీద 8 వాట్ల ఆంప్ చేసే హడావుడి చేస్తుంది. ఆంప్ మార్చకుండా, ఒక్క రూపాయి కరెంటు పెరగకుండా! మీ ఫ్రెండ్ ఎవరి దగ్గరైనా పెద్ద గిటార్ క్యాబినెట్ ఉంటే ఒక్కసారి ఈ డబ్బాని దానికి కలిపి చూడండి, పక్కింటివాళ్లు తలుపు కొడతారు.

గిటార్ స్పీకర్‌లో ఇంకో గుణం ఉంది. 5000 హెర్ట్జ్ దాటాక అది పెద్దగా పలకదు. హైఫై వాళ్లకి అది లోపం, మనకి వరం. డిస్టార్షన్‌లో పుట్టే గరుకంతా ఆ పైనే ఉంటుంది. ట్వీటర్ ఉన్న పెట్టెకి కలిపి గెయిన్ తిప్పితే పళ్లు జివ్వుమంటాయి.

ఓముల సంగతి మాత్రం మర్చిపోవద్దు. పాత రేడియోల్లో స్పీకర్లు 3, 4 ఓములవి ఉంటాయి, కారువీ 4. ఈ చిప్పు ప్లాస్టిక్ ఒళ్లు 1.25 వాట్ల వేడి తట్టుకుంటుంది. 9 వోల్టులు, 8 ఓములైతే మహా అయితే అరవాట్ వేడి. 4 ఓములైతే ఒక వాట్ దాటుతుంది, మన ఎండాకాలంలో అది అంచున నిలబడ్డట్టే. 12 వోల్టులు, 4 ఓములు అంటే ఇక చిప్పుకి చెప్పుకోండి నమస్కారం.

సామాను గురించి రెండు ముక్కలు. హైదరాబాద్ వాళ్లకి కోఠి గుజరాతీ గల్లీ ఉండనే ఉంది. చిప్పు, ఎనిమిది కాళ్ల బేస్ (చిప్పుని గుచ్చే సాకెట్), జీరో పీసీబీ (చిల్లుల బోర్డు), పాట్‌లు, సాకెట్, సెల్ హోల్డర్, అన్నీ ఒకే వీధిలో దొరుకుతాయి. చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్పీ రోడ్ అలాంటివే. చిప్పులు ఒకటికి రెండు తీసుకోండి. చిప్పుని నేరుగా సోల్డర్ చేయకుండా బేస్‌లో గుచ్చండి. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ చాలు. సోల్డర్ తీగని ఐరన్ మొనకి కాకుండా, వేడెక్కిన కాలుకి తాకించండి, అదే కరిగి పాకుతుంది. మొదటిసారి ఆన్ చేసేటప్పుడు చిప్పు లేకుండా, గిటార్‌కి తగిలించని కార్డ్ ఒకటి గుచ్చి ఆన్ చేసి బేస్ 6వ రంధ్రంలో 9 వోల్టులు, 4లో గ్రౌండ్ ఉన్నాయో లేదో చూడండి. తర్వాత చిప్పు పెట్టి 5వ కాలు కొలవండి. 4.5 అటూ ఇటూ ఉండాలి, అంటే సరిగ్గా సగం. ఉంటే గిటార్ తగిలించండి. లేకపోతే తగిలించొద్దు, వైరింగ్ చూడండి.

ప్రశ్నలు అడగండి.

(ఒక విద్యార్థి: సార్, సెల్స్ బదులు మొబైల్ చార్జర్ లాంటి అడాప్టర్ పెట్టొచ్చా?)

పెట్టొచ్చు. కాకపోతే చవక స్విచింగ్ అడాప్టర్‌లోంచి సన్నటి కీచు వస్తుంది. పెడళ్ల కోసం అమ్మే 9 వోల్టుల అడాప్టర్ కొంటే దాని పిన్ మధ్యలో మైనస్ ఉంటుంది, మిగతావాటికి సాధారణంగా మధ్యలో ప్లస్. తారుమారైతే చిప్పు పోతుంది. సాకెట్ తర్వాత వరసగా ఒక డయోడ్ పెట్టండి, అర వోల్ట్ పైచిలుకు పోతుంది, చిప్పు దక్కుతుంది. ఇంకో మాట. ఇంట్లో కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు, స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే, ఫ్యాన్ ఎలా మూలుగుతుందో సింగిల్ కాయిల్ పికప్ కూడా అలాగే మూలుగుతుంది. ఆంప్‌ని అనుమానించకండి. గిటార్ పట్టుకుని కొంచెం పక్కకి తిరిగి చూడండి, మూలుగు పెరిగి తగ్గుతుంటే అది గాల్లోంచి పికప్‌లోకి దూరుతోందని అర్థం.

(ఒక విద్యార్థిని: సార్, వాల్వ్ ఆంప్, పాతకాలం గాజు గొట్టాలది, ఇంట్లో కట్టొచ్చా? అందరూ దాని సౌండే బాగుంటుందంటారు.)

బాగుంటుందమ్మా, కాదనను. 1950ల చివరి ఫెండర్ చాంప్ చూడు, ఒక 12ఎఎక్స్7, ఒక 6వి6, రెక్టిఫయర్ వాల్వ్, ఎనిమిదంగుళాల స్పీకర్, ఓ 5 వాట్లు. సర్క్యూట్ మనదానికంటే పెద్ద కష్టం కూడా కాదు. కానీ లోపల 300 వోల్టులకు పైన డీసీ తిరుగుతుంటుంది. ప్లగ్ పీకేసినా కండెన్సర్లలో అది కూర్చునే ఉంటుంది. అదే నీకు మొదటి ఆంప్ అయితే, ఒద్దు. అవన్నీ చేతిలో ఆడించినవాళ్లు పక్కన ఉండగా, కండెన్సర్ ఎలా డిశ్చార్జ్ చేయాలో చూపించుకుని, ఒక చెయ్యి జేబులో పెట్టుకుని పనిచేయడం అలవాటయ్యాక చూద్దువుగాని. పడగ్గదిలో వాయించుకునేదానికి అంత సరంజామా ఎందుకు, గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?

(ఒక విద్యార్థి: సార్, మా ఇంట్లో 4440 బోర్డు ఉంది. దాంతో చేస్తే గట్టిగా వస్తుంది కదా?)

ఆహా, 4440! అది లేని ఊరు లేదు. ఎల్‌ఏ4440 ఆంప్ చిప్పు, కారు స్టీరియో కోసం చేసింది, 13 వోల్టుల మీద రెండు వైపులూ కలిపి బ్రిడ్జి కడితే 19 వాట్లు. గట్టిగానే వస్తుంది. రెండు చిక్కులున్నాయి. ఒకటి, దాని గెయిన్ 50 డెసిబెల్స్ పైనే, అంటే 300 రెట్లకు పైగా, తగ్గించుకునే నాబ్ లేకుండా వస్తుంది. గిటార్ ముట్టుకోకముందే "స్‌స్‌స్" అని బుసకొడుతూ ఉంటుంది. రెండోది, బ్రిడ్జి కట్టినప్పుడు స్పీకర్ రెండు వైర్లలో ఏదీ గ్రౌండ్‌కి తగలకూడదు. చేసేటట్టయితే ఇలా చెయ్యి. ఇందాక చెప్పిన జెఫెట్ అలాగే ఉంచు. దాని తర్వాత వాల్యూమ్ పాట్, పాట్ మధ్య కాలుకీ 4440 ఇన్‌పుట్‌కీ నడుమ సిగ్నల్‌ని పదో వంతుకి దించే రెండు రెసిస్టర్లు. ఆ రెసిస్టర్లని బోర్డు దగ్గరే పెట్టు, జాక్ దగ్గర కాదు. హీట్‌సింక్ పెద్దది వెయ్యి. స్పీకర్ మాత్రం కారుది వాడకు. నీ దగ్గర బోర్డు ఉంది కాబట్టి మిగిలిన డబ్బులన్నీ స్పీకర్ మీద పెట్టు.

సరే, టైమైపోయింది. కిట్లు ఆ చివర బల్ల మీద ఉన్నాయి, ఇద్దరికి ఒకటి. ఐరన్లు ఇప్పటికే ఆన్‌లో ఉన్నాయి, చేతులు జాగ్రత్త.